వెనక చక్రం గాల్లో... విజయం చేతిలో!

స్ప్రింగుల్లేవు. తలుపుల్లేవు. వెనక రెండు చక్రాల్నీ కలిపేది ఉత్త ఉక్కు గొట్టం. లెక్కప్రకారం అయితే ఆ బండి మలుపు తిరగడానికి మొరాయించాలి. కానీ ఫార్ములావన్ వీరుల్లో చాలామంది మలుపులు తిరగడం నేర్చుకున్నది దానిమీదే. గో-కార్ట్ వెనక ఇరుసులో దాగిన ఆ కిటుకేంటో చూద్దాం.

పంద్రాగస్టు పెరేడ్‌లో ఎన్‌సీసీ కుర్రాళ్లు మలుపు తిరగడం ఎప్పుడైనా గమనించారా? వరసలో లోపలి చివర ఉన్నవాడు దాదాపు ఉన్నచోటే కాళ్లు కదుపుతుంటాడు. బయటి చివర ఉన్నవాడు మాత్రం పెద్దపెద్ద అంగలు వేయాలి. లేకపోతే వరస చెదిరిపోతుంది. ఇద్దరూ ఒకే మలుపు తిరుగుతున్నా బయటివాడు నడవాల్సిన దూరం ఎక్కువ మరి!

బండి చక్రాల కథా అంతే. ఎడమవైపు మలుపు తిరిగితే కుడి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి. ఎంత ఎక్కువ? వెనక చక్రాల మధ్య దూరం 1.2 మీటర్లు అనుకుందాం. వీధి మూల తిరిగినట్టు సరిగ్గా 90 డిగ్రీలు తిరిగితే బయటి చక్రం దాదాపు 1.9 మీటర్లు అదనంగా వెళ్లాలి. వెళ్లిన దారినే వెనక్కి తిప్పే 'హెయిర్‌పిన్' మలుపు అయితే ఆ తేడా సుమారు 3.8 మీటర్లు. తమాషా ఏమిటంటే... మలుపు ఇరుకుగా ఉన్నా, విశాలంగా ఉన్నా ఆ తేడా మారదు. కాకపోతే విశాలమైన మలుపులో దాన్ని తీరిగ్గా సర్దుకోవచ్చు. ఇరుకు మలుపులో నాలుగడుగులు వేసేలోపే సర్దుకోవాలి.

మన ఎడ్లబండికి ఈ బాధే లేదు. దాని ఇరుసు కదలదు. చక్రాలు రెండూ ఇరుసు చివర్లలో దేనికదే తిరుగుతాయి. మలుపులో ఒకటి వేగంగా, మరోటి నెమ్మదిగా తిరిగినా అడిగేవారు లేరు. అసలు చిక్కంతా చక్రాల్ని ఎద్దులు కాకుండా ఇంజిను తిప్పాల్సి వచ్చినప్పుడే మొదలైంది. ఇంజిను బలం రెండు చక్రాలకూ అందాలి. అయినా అవి వేరువేరు వేగాలతో తిరగాలి. ఎలా?

కుండలో గుట్టు

రోడ్డుమీద వెళ్లే లారీని వెనకనుంచి చూడండి. చక్రాల మధ్య, ఇరుసు నడుమ కుండలా ఉబ్బెత్తుగా ఒకటి కనిపిస్తుంది. డిఫరెన్షియల్ ఉండేది అందులోనే. లోపల కొన్ని పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. బండి తిన్నగా వెళ్తున్నప్పుడు రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపు రాగానే లోపలి చక్రం ఎంత తగ్గితే బయటి చక్రం అంత పెరుగుతుంది. డ్రైవరు చేయాల్సిందేమీ లేదు. ఫ్రాన్స్‌కు చెందిన గడియారాల నిపుణుడు ఒనెసిఫోర్ పెక్యూర్ ఆవిరి బండి కోసం ఈ ఏర్పాటుకు 1827లో పేటెంటు తీసుకున్నాడు. ఇన్నేళ్లు గడిచినా మన వీధిలో తిరిగే ఆటో దగ్గర్నుంచి పొలంలో దున్నే ట్రాక్టరు దాకా అదే సూత్రం.

అయితే దీనికో బలహీనత ఉంది. వానాకాలంలో కారు ఒక చక్రం బురదలో దిగబడితే ఏమవుతుంది? ఆ చక్రం గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతుంది. గట్టినేలమీద ఉన్న రెండో చక్రం మాత్రం బెల్లంకొట్టిన రాయిలా ఊరుకుంటుంది. పట్టు దొరకని చక్రం ఊరికే తిరిగిపోతుంటే పట్టున్న చక్రానికీ బలం అందదు. డిఫరెన్షియల్ స్వభావమే అంత. అందుకే ట్రాక్టర్లకు 'డిఫరెన్షియల్ లాక్' పెడతారు. దాన్ని తొక్కితే రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించినట్టు కలిసి తిరుగుతాయి. ట్రాక్టరు బురదలోంచి బయటపడుతుంది. అయితే ఆ లాక్ వేసి మలుపు తిప్పొద్దని కూడా చెబుతారు. తిప్పితే ఒక టైరు ఈడ్చుకుపోతుంది, ఇరుసుమీద భారం పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. గో-కార్టు అంటే... ఎప్పుడూ డిఫరెన్షియల్ లాక్ వేసి ఉన్న బండి!

గడ్డి కోసే ఇంజినుతో మొదలై...

కార్టు పుట్టింది అమెరికాలో. 1956లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్ పట్టణంలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసుకార్ల నిపుణుడు, మిత్రుడు లూ బొరెల్లీతో కలిసి సరదాగా ఓ బుల్లి బండి తయారుచేశాడు. నాలుగు గొట్టాలు, నాలుగు చిన్న చక్రాలు, పచ్చిక కోసే యంత్రాలకు వాడే చిన్న ఇంజిను... అంతే సరంజామా. పక్కనే ఉన్న పసడీనాలో రోజ్‌బౌల్ స్టేడియం కార్ల పార్కింగ్ స్థలంలో దాన్ని నడుపుతుంటే చూసినవాళ్లంతా తమకూ కావాలన్నారు. కొద్ది సంవత్సరాల్లోనే ఆ సరదా సముద్రాలు దాటింది. 1962లో అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ కార్టింగ్‌కు ప్రత్యేకంగా ఓ కమిషన్ వేసింది. 1964లో రోమ్‌లో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఇటలీకి చెందిన గుయిడో సాలా గెలిచాడు.

ఆనాటి బుల్లి బండి నేడు ఎంతో మారింది. పోటీల్లో వాడే 125 సీసీ కార్టు గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని అలవోకగా దాటేస్తుంది. డ్రైవరు కూర్చునేది నేలకు జానెడు ఎత్తులో కూడా కాదు. మలుపులో శరీరాన్ని పక్కకు తోసే బలం ఒంటి బరువుకు రెండింతల దాకా ఉంటుంది. సీటు అంచు పక్కటెముకలకు ఒత్తుకుంటుంది కాబట్టి ఛాతీ చుట్టూ కవచం కట్టుకుంటారు.

ఇంత మారినా ఒక్కటి మాత్రం మారలేదు. వెనక ఇరుసు. లోపల బోలుగా ఉండే ఒకే ఒక్క ఉక్కు గొట్టం అది. పెద్ద పోటీల్లో దాని మందం 50 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. రెండు చివర్లా రెండు చక్రాలు బిగించి ఉంటాయి. మధ్యలో ఇంజిను నుంచి వచ్చే గొలుసుకు ఒక పళ్ల చక్రం, బ్రేకుకు ఒక డిస్కు. ఇరుసు ఒకటే కాబట్టి ఆ ఒక్క డిస్కుతోనే రెండు వెనక చక్రాలూ ఆగుతాయి. ఎంత పొదుపో చూడండి!

డిఫరెన్షియల్ పెట్టొచ్చు కదా అంటారా? నిబంధనలు ఒప్పుకోవు. ఇరుసులోగానీ, చక్రం హబ్‌లోగానీ, మరే రూపంలోగానీ డిఫరెన్షియల్ ఉండకూడదని అంతర్జాతీయ నియమావళి స్పష్టంగా చెబుతోంది. స్ప్రింగుల్లాంటి సస్పెన్షన్ ఏర్పాట్లూ నిషిద్ధమే. బరువు, ఖర్చు, మరమ్మతుల బాధ తగ్గుతాయన్నది ఒక లాభం. ఇంకో సంగతి కూడా ఉంది. స్ప్రింగుల్లేని బండికి వేగంగా మలుపు తిరిగేటప్పుడు లోపలి వెనక చక్రం మీద బరువు ఉండదు. అప్పుడు డిఫరెన్షియల్ ఉంటే బురదలో కారు లాగే ఆ చక్రం గాల్లో గిర్రున తిరిగి ఇంజిను బలమంతా వృథా అవుతుంది. ఒకే ఇరుసు ఉంటే ఆ బాధ లేదు. ఒక చక్రం లేచినా రెండోది నెడుతూనే ఉంటుంది.

మరి మలుపులో దూరం తేడా సంగతేమిటి? అక్కడే ఉంది అసలు విద్య.

ఒంటికాలి విద్య

రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి. కానీ వెళ్లాల్సిన దూరాలు వేరు. రెండూ నేలకు ఆనుకుని ఉన్నంతవరకూ ఏదో ఒకటి ఈడ్చుకుపోక తప్పదు. ఆ పెనుగులాటలో కార్టు తిన్నగానే పోవాలని చూస్తుంది. స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు జారుతూ మలుపు బయటికే దూసుకెళ్తుంది. వేగమూ చచ్చిపోతుంది.

దీనికి ఒక్కటే ఉపాయం... లోపలి వెనక చక్రాన్ని కాసేపు నేలమీంచి లేపేయడం! నేలను తాకని చక్రం ఎంత తిరిగితేనేం, ఎలా తిరిగితేనేం? మూడు చక్రాలమీద కార్టు చకచకా తిరిగేస్తుంది.

లేపేదెవరు? స్టీరింగే! కార్టు ముందు చక్రం తిరిగే కీలు నిటారుగా ఉండదు. సైకిలు ముందు ఫోర్కులా వాలుగా ఉంటుంది. అందువల్ల స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలు పక్కకు తిరగడంతోపాటు లోపలిది కిందికి దిగుతుంది. బయటిది కాస్త పైకి లేస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి హోటల్లో కుంటి బల్ల చాలు. నాలుగు కాళ్లూ సమంగా ఉన్న బల్లకు ఒక కాలికింద కాగితం మడిచి పెట్టండి. ఆ కాలూ, దానికి ఐమూలగా ఉన్న కాలూ బరువు మోస్తాయి. మిగతా రెండింట్లో ఒకటి గాల్లో ఉంటుంది. ఏది గాల్లో ఉండాలన్నది బల్లను మీరు ఎటువైపు నొక్కుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కార్టులోనూ అంతే. ఎడమ మలుపులో ఎడమ ముందు చక్రం కిందికి నొక్కుతుంది. వేగం వల్ల బరువు కుడివైపునకు ఒరుగుతుంది. ఇక మిగిలింది ఎడమ వెనక చక్రమే. అది లేస్తుంది.

లేవడం ఒక్కటే కాదు, లేవాల్సినంతే లేవాలి. సమయానికి దిగాలి. మలుపు మొదట్లో లేచి, సగం దాటి స్టీరింగ్ తిన్నగా అవుతుండగానే మెత్తగా నేలకు ఆనాలి. అప్పుడే రెండు చక్రాలూ కలిసి బండిని ముందుకు తోస్తాయి. లేవకపోతే కార్టు ఈడ్చుకుపోతుంది. ఎక్కువ లేస్తే బరువంతా బయటి టైరుమీద పడి, కార్టు కప్పలా గెంతుతుంది. దిగడం ఆలస్యమైతే తిన్నని దారిలో వేగం అందుకోవడం ఆలస్యమవుతుంది. ఒక్కో మలుపులో పోయేది సెకనులో పదోవంతే కావచ్చు. కానీ పది మలుపులున్న ట్రాకులో పాతిక రౌండ్లు తిరిగేసరికి అది 25 సెకన్లు! కార్టు పోటీలో అది గెలుపోటముల మధ్య తేడా కాదు, మొదటి స్థానానికీ చివరి స్థానానికీ మధ్య తేడా.

అందుకే పోటీకి ముందు మెకానిక్‌లు కార్టు చుట్టూ కూర్చుని గంటలు గంటలు కుస్తీపడతారు. స్ప్రింగులు లేవు కాబట్టి బండి చట్రమే స్ప్రింగులా వంగి, మెలితిరిగి పనిచేస్తుంది. ఫైబర్‌గ్లాస్ సీటు కూడా చట్రంలో భాగమే. దాన్ని ఒక సెంటీమీటరు ముందుకో వెనక్కో జరిపినా చక్రం లేచే తీరు మారిపోతుంది. డ్రైవరు బరువు కార్టు బరువుకు దగ్గరగా ఉంటుంది మరి! ముందు చక్రాల మధ్య దూరం పెంచితే లోపలి చక్రం త్వరగా లేస్తుంది. కీలు వాలు పెంచినా అంతే. వాన పడితే ట్రాకు జారుడుగా ఉండి బరువు పక్కకు ఒరగదు. అలాంటప్పుడు ముందు చక్రాల్ని బయటికి, వెనక చక్రాల్ని లోపలికి జరుపుతారు. వెనక ఇరుసుల్లోనూ మెత్తనివి, మధ్యరకం, గట్టివి అని రకాలుంటాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఉక్కు గుణంలో తేడా. ఏ ట్రాకుకు ఏది నప్పుతుందో నడిపి చూసి తేల్చుకోవాల్సిందే.

పొద్దున కుదిరింది మధ్యాహ్నానికి కుదరకపోవచ్చు కూడా. పోటీలు జరిగేకొద్దీ టైర్ల రబ్బరు అరిగి ట్రాకుమీద పూతలా పరుచుకుంటుంది. పట్టు పెరుగుతుంది. ఉదయం సరిగ్గా లేచిన చక్రం సాయంత్రానికి మరీ ఎక్కువ లేస్తుంది. మళ్లీ పానా చేతికి రావాల్సిందే!

బైకు నడిపేవాళ్లకు ఇంకో వింత. బైకుమీద మలుపు తిరిగేటప్పుడు లోపలికి వాలతాం. కార్టులో అలా వాలితే లేవాల్సిన చక్రాన్ని మనమే అదిమిపెట్టినట్టు. అనుభవమున్న డ్రైవర్లు అవసరమైనప్పుడు ఒళ్లు బయటివైపునకే వాలుస్తారు.

సైజు తేడాయే బలం

చక్రం లేపే విద్య ఎడమకూ కుడికీ మలుపులుండే ట్రాకుల్లో. కానీ అమెరికాలో మరో రకం ట్రాకులు చాలా ప్రసిద్ధి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే 'ఓవల్' ట్రాకులు అవి. చాలావరకు బంకమట్టితో పరిచి ఉంటాయి. వాటిమీద పోటీ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా తిరిగేది ఒక్క ఎడమవైపునకే. మలుపులు పెద్దవి, దూరం తక్కువ. అంటే బండి సగానికి పైగా సమయం మలుపులోనే ఉంటుంది. అంతసేపూ ఒక చక్రాన్ని గాల్లో ఉంచితే పట్టెక్కడిది?

అక్కడివాళ్లు ఇంకో ఉపాయం కనిపెట్టారు. కుడి వెనక టైరును ఎడమదానికంటే పెద్దది వేస్తారు! ఈ తేడానే 'స్టాగర్' అంటారు.

ఇందులో గుట్టు తెలుసుకోవాలంటే కాగితం టీ కప్పును నేలమీద అడ్డంగా పడేసి దొర్లించండి. తిన్నగా పోదు. మూతివైపు వెడల్పు, అడుగువైపు సన్నం కాబట్టి అడుగు లోపలికి ఉండేలా గుండ్రంగా తిరుగుతుంది. కార్టు వెనక ఇరుసు, రెండు వేరువేరు సైజుల టైర్లు కలిసి అలాంటి కప్పే. ఇరుసు ఒక చుట్టు తిరిగితే రెండు టైర్లూ ఒక చుట్టే తిరుగుతాయి. కానీ పెద్ద టైరు ఎక్కువ దూరం వెళ్తుంది. కార్టు తనంతట తానే ఎడమకు తిరుగుతుంది. డిఫరెన్షియల్ చేసే పనిని రబ్బరు చేసేసిందన్నమాట!

తేడా ఎంతుండాలి? చిన్న లెక్క వేద్దాం. ఇరుసుమీద చక్రాల మధ్య దూరం ఒక మీటరు. మలుపు వ్యాసార్ధం 25 మీటర్లు. అంటే లోపలి చక్రం 24.5 మీటర్ల వృత్తంలో, బయటిది 25.5 మీటర్ల వృత్తంలో తిరగాలి. బయటిదానికి దూరం 4 శాతం ఎక్కువ. ఎడమ టైరు చుట్టుకొలత 85 సెంటీమీటర్లయితే కుడి టైరు దాదాపు 88.5 సెంటీమీటర్లు ఉండాలి. తేడా మూడున్నర సెంటీమీటర్లు. బొటనవేలు వెడల్పుకు కాస్త ఎక్కువ. దీన్ని కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. టైరు చుట్టూ టేపు చుట్టి చూస్తారు. టైర్లను చుట్టుకొలత ప్రకారం గుర్తులు పెట్టి జతలుగా అమర్చుకుంటారు. గాలి పెంచితే చుట్టుకొలత కాస్త పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. చివరి నిమిషంలో చిన్న సర్దుబాట్లు గాలితోనే.

కానీ ఏ లాభానికైనా ఓ వెల ఉంటుంది. మలుపు అయిపోయాక తిన్నని దారి వస్తుంది కదా! అక్కడ రెండు టైర్లూ ఒకే దూరం వెళ్లాలి. పై లెక్కలోని టైర్లయితే ప్రతి 100 మీటర్లలో కుడి టైరు ఎడమదానికంటే దాదాపు 4 మీటర్లు ఎక్కువ వెళ్లాలని చూస్తుంది. కుదరదు కాబట్టి టైర్లు నేలను రాసుకుంటాయి. వేగం తగ్గుతుంది. డ్రైవరు స్టీరింగ్‌ను కొంచెం కుడికి పట్టి ఉంచాల్సి వస్తుంది. స్టాగర్ తక్కువైతే మలుపులో కార్టు బయటికి తోసుకుపోతుంది. ఎక్కువైతే వెనకభాగం జారి గిరగిరా తిరిగిపోవచ్చు. అందుకే అక్కడి జట్లు మలుపు ఒక్కటే చూసుకోవు. మలుపెంత, తిన్నని దారెంత, మట్టి తడిగా ఉందా, ఎండిందా... అన్నీ బేరీజువేసి నడిమి మార్గం పట్టుకుంటాయి. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి ఏ చక్రంమీద ఎంత బరువుందో తూస్తాయి. సీటునూ మధ్యలో కాకుండా ఎడమపక్కకు జరిపి బిగిస్తాయి.

ఈ సూత్రం కార్టులతో ఆగలేదు. అమెరికా మట్టి ట్రాకులమీద పరుగెత్తే స్ప్రింట్ కార్లకూ వెనక డిఫరెన్షియల్ ఉండదు. వాటి వెనక టైర్లూ ఇలాగే చిన్నా పెద్దా. అమెరికా స్టాక్ కార్ రేసుల్లో 2002, 2005, 2011 సంవత్సరాల్లో నాస్కార్ ఛాంపియన్‌గా నిలిచిన టోనీ స్టువర్ట్ తొలి మెట్టు కూడా కార్టే. 1983లో, 12 ఏళ్ల వయసులో కార్టింగ్‌లో జాతీయ టైటిల్ గెలిచాడు.

రైలుకు డిఫరెన్షియల్ ఉంటుందా?

ఉండదు! రైలు చక్రాలు కూడా ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటాయి. మరి వంపుల్లో ఎలా తిరుగుతుంది? జాగ్రత్తగా చూస్తే రైలు చక్రం అంచు చదునుగా ఉండదు. లోపలివైపు పెద్దగా, బయటికి వచ్చేకొద్దీ సన్నగా వాలుతుంది. మన రైళ్లలో సంప్రదాయంగా వాడిన వాలు 20కి 1. వంపు రాగానే ఇరుసు కాస్త బయటివైపునకు జరుగుతుంది. దాంతో బయటి చక్రం తన పెద్ద చుట్టుకొలతమీద, లోపలి చక్రం తన చిన్న చుట్టుకొలతమీద నడుస్తాయి. తిన్నని పట్టాలమీద మళ్లీ మధ్యలోకి వస్తుంది. అంటే అవసరమైనప్పుడు పుట్టి, అవసరం తీరాక మాయమయ్యే స్టాగర్ అన్నమాట! మరీ ఇరుకు వంపుల్లో ఈ వాలు చాలదు. అప్పుడు వినిపించే కీచుమనే శబ్దం చక్రాలు పట్టాలమీద ఈడ్చుకుపోతున్నందుకే.

లోపమే గురువు

ఇంత ఇబ్బందిపెట్టే బండిమీద పిల్లలకు రేసింగ్ ఎందుకు నేర్పుతారు? ఇబ్బందిపెడుతుంది కాబట్టే! డిఫరెన్షియల్, సస్పెన్షన్ ఉన్న కారు డ్రైవరు చేసే చిన్న పొరపాట్లను తనే సర్దేస్తుంది. కార్టు సర్దదు. స్టీరింగ్ ఆలస్యంగా తిప్పినా, మొరటుగా తిప్పినా, బ్రేకు ఒక్క క్షణం ఎక్కువ తొక్కినా వెంటనే శిక్ష వేస్తుంది. ఏ చక్రంమీద ఎంత బరువుందో నడుముతో, వీపుతో తెలుసుకోవడం అలవాటవుతుంది. ఎనిమిదేళ్లకు ఒంటబట్టిన ఆ అలవాటు పాతికేళ్లకు ఫార్ములా కారులో అక్కరకొస్తుంది.

మైకేల్ షూమాకర్ తండ్రి తాపీమేస్త్రీ. జర్మనీలోని కెర్పెన్ కార్టు ట్రాకులో కూడా పనిచూసేవాడు. కొడుక్కి నాలుగేళ్లప్పుడు కాళ్లతో తొక్కే బొమ్మకారుకు చిన్న మోటారుసైకిల్ ఇంజిను బిగించి ఇచ్చాడు. ఆ పిల్లాడు తర్వాత ఏడుసార్లు ఫార్ములావన్ ప్రపంచ విజేత అయ్యాడు. మాక్స్ వెర్‌స్టాపెన్ 2013లో 15 ఏళ్ల వయసులోనే గేర్ల కార్టుల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. ఎనిమిదేళ్లకే లూయిస్ హామిల్టన్ కార్టు పోటీల్లో దిగాడు.

బ్రెజిల్ వీరుడు అయిర్టన్ సెన్నాది ఇంకో కథ. ఫార్ములావన్‌లో మూడుసార్లు ప్రపంచ విజేత అయిన సెన్నా కార్టింగ్‌లో మాత్రం ఎప్పుడూ ప్రపంచ టైటిల్ గెలవలేదు. 1979లో, 1980లో రెండో స్థానంతోనే సరిపెట్టుకున్నాడు. ఎవరితో పోటీపడటం ఎక్కువ తృప్తినిచ్చిందని 1993లో విలేకరులు అడిగితే ఆయన ఫార్ములావన్ ప్రత్యర్థుల పేర్లేవీ చెప్పలేదు. కార్టింగ్ రోజుల్లో తన జట్టులోనే ఉన్న ఇంగ్లండ్ డ్రైవర్ టెర్రీ ఫుల్లర్టన్ పేరు చెప్పాడు. డబ్బూ రాజకీయాలూ లేని ఉత్త పోటీ అంటే అదేనని గుర్తుచేసుకున్నాడు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పోటీ జరిగింది. ఆరోజు కరెంటు కార్లలో దూసుకెళ్లిన డ్రైవర్లలో దాదాపు అందరూ కార్టుల్లోనే ఓనమాలు దిద్దుకున్నవాళ్లు. మన ఇంజినీరింగ్ కాలేజీల కుర్రాళ్లూ జట్లుగా ఏర్పడి సొంతంగా కార్టులు తయారుచేసి విద్యార్థుల పోటీలకు వెళ్తుంటారు. గొట్టాలు వంచడం, ఇంజిను బిగించడం, ఇరుసు లేత్‌మీద చేయించడం... ఇవన్నీ ఒక ఎత్తు. ఆ కార్టు మలుపు తిరగడం మరో ఎత్తు. ముందు చక్రాల కీలు వాలు సరిగ్గా లేకపోతే ఇంజిను ఎంత గొప్పదైనా బండి తిన్నగా గోడవైపే చూస్తుంది. పుస్తకంలో నాలుగు లైన్లుగా చదివిన డిఫరెన్షియల్ పాఠం, అది లేని బండి దగ్గరే పూర్తిగా అర్థమవుతుంది.

జుట్టు జాగ్రత్త!

సెలవురోజున పిల్లల్ని గో-కార్టింగ్‌కు తీసుకెళ్లే కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడ అద్దెకిచ్చే కార్టుల వేగం తక్కువే. కానీ ఇరుసు మాత్రం అదే. సీటు వెనకే, చేతికందే దూరంలో, ఇంజినుతోపాటు నిమిషానికి వందల చుట్లు తిరిగే గొట్టం. 2018లో హర్యానాలో, 2020లో హైదరాబాద్ శివార్లలో కార్టులో జుట్టు చుట్టుకుని ఇద్దరు యువతులు ప్రాణాలు కోల్పోయారు. తిరిగే ఇరుసు ఒక్క వెంట్రుకల పాయను పట్టుకుంటే చాలు, విడిపించుకునే వ్యవధి ఇవ్వదు. అందుకే...

- పొడవు జుట్టును ముడివేసి, హెల్మెట్ లోపలికి గానీ చొక్కా లోపలికి గానీ పూర్తిగా దోపుకోవాలి. హెల్మెట్ కింద నుంచి జడ వేలాడకూడదు.
- చున్నీ, చీర, స్కార్ఫు, వదులు దుస్తులతో కార్టు ఎక్కొద్దు. మెడలో గొలుసులు, ట్యాగులు తీసేయాలి.
- ఎక్కేముందు ఇరుసుకు, గొలుసుకు, ఇంజినుకు మూతలున్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ కార్టు వద్దని చెప్పండి.
- హెల్మెట్ తలకు సరిపోయేదే అడిగి తీసుకోండి. పట్టీ బిగించుకున్నాకే బయల్దేరాలి.
- కార్టు మధ్యలో ఆగిపోతే దిగి నెట్టొద్దు. చెయ్యెత్తి సిబ్బందిని పిలవాలి.
- చిన్నపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నడపొద్దు. ఒక సీటు, ఒక మనిషి.

ఇంత జాగ్రత్తపడ్డాక ఇక హాయిగా నడపండి. స్టీరింగ్ బరువుగా అనిపించి, కార్టు మలుపులో తిన్నగా పోతానని మొండికేస్తే బండి పాడైందనుకోవద్దు. రెండు వెనక చక్రాలు ఒక్క ఇరుసుమీద పోట్లాడుకుంటున్నాయని అర్థం. మలుపుకు ముందే వేగం తగ్గించి, స్టీరింగ్ ఒకే ఊపులో మెత్తగా తిప్పి చూడండి. బండి మాట వింటుంది.